యాపిల్ పై చల్లారేదాకా

కిందటి నెలలో కజ్జికాయల గురించి రాశాను కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిలో కజ్జికాయల సంగతి ఒక్క ముక్కే ఉంది. మిగతాదంతా యాపిల్ పై గురించే! "పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు తిన్నాం. పైన పొడిపొడిగా కరకరలాడుతుంది, లోపల పళ్ళు మెత్తగా పుల్లతియ్యగా ఉంటాయి. ఇంటికొచ్చి చేస్తే నీళ్ళపులుసయింది, ఎందుకని?" అని ఒకావిడ. "ఓవెన్ కొని రెండేళ్ళయింది, కేకు తప్ప ఇంకేమీ చేయడం లేదు, ఏదైనా చెప్పండి" అని ఇంకొకావిడ. నీళ్ళపులుసు ఎందుకవుతుందో నన్నడగాలి. నా మొదటి యాపిల్ పైని గరిటెతో గిన్నెల్లోకి వడ్డించాను!

తెలియనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. "పై" అంటే పైన ఉండేదనుకునేరు, అది దాని పేరు. మైదాపిండి, వెన్న కలిపి చపాతీలా వత్తి, అంచున్న పళ్ళెంలో పరిచి, అందులో పళ్ళముక్కలు నింపి ఓవెన్‌లో కాలుస్తారు. పైన ఇంకో చపాతీ కప్పడం ఒక పద్ధతి. పిండి, పంచదార, వెన్న కలిపి రవ్వరవ్వగా చేసి జల్లడం ఇంకో పద్ధతి. ఆ పొడిని ఇంగ్లీషువాళ్ళు క్రంబుల్ అంటారు, జర్మన్లు స్ట్రాయిజెల్ అంటారు, అంటే జల్లేది అని. ఇలా పొడి జల్లిన దాన్ని అమెరికాలో "డచ్ యాపిల్ పై" అని పిలుస్తారు. దానికీ హాలెండుకీ సంబంధం లేదు. పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్లను అక్కడ డచ్చివాళ్ళనడం అలవాటు, ఆ పేరు దీనికీ అంటుకుంది.

మనలాంటి కొత్తవాళ్ళకి ఈ పొడి పద్ధతే నయం. పైచపాతీ చిరక్కుండా ఎత్తి కప్పడం, అంచులు మడతలు వేయడం ఒక విద్య. పొడికి ఆ బెంగ లేదు.

నేను దీన్ని నేర్చుకున్నది 2023 అక్టోబరులో, న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో. ఎలా నేర్చుకున్నానో చెప్పకుండా కొలతలు మాత్రం రాస్తే సగమే రాసినట్టు, అందుకని చెబుతున్నాను. మా అల్లుడిగారి అనుమతి తీసుకునే రాస్తున్నాను సుమా!

అక్కడ సెప్టెంబరు, అక్టోబరు వచ్చాయంటే కుటుంబాలు కుటుంబాలు యాపిల్ తోటలకి బయల్దేరతాయి. చెట్టు నుంచి మనమే కోసుకుని, బుట్ట లెక్కన డబ్బు కట్టాలి. ఆ బుట్టల కొలతకి "పెక్" అని పేరు. ఒక పెక్కుకి పది పౌన్లు, అంటే నాలుగున్నర కిలోల దాకా వస్తాయి. పెక్కు అంటే మనకు చాలా అనే కదా, వాళ్ళకీ అంతే కాబోలు అని నవ్వుకుంటూ రెండు పెక్కులు కోశాం. మా మనవరాలికి అప్పుడు ఆరేళ్ళు, చేతికందిన ఎర్రటిదల్లా కోసింది. తొమ్మిది కిలోల పళ్ళు కారు వెనకాల వేసుకుని, దారి పొడుగునా పాటలు పాడుకుంటూ ఇంటికొచ్చాం. అది సెప్టెంబరు 30, శనివారం.

మంగళవారం పొద్దున మా అల్లుడిగారి ఉద్యోగం పోయింది.

అమెరికాలో పిల్లలున్న తల్లులకి నేను విడమరచి చెప్పక్కర్లేదు. మిగతావారి కోసం చెబుతాను. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు గడువు. ఆ నిబంధన 2017 జనవరి నుంచి ఉంది. ఆలోగా ఇంకో కంపెనీ తీసుకుని కాగితాలు దాఖలు చెయ్యాలి, లేదా ఇంకో రకం వీసాకి దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా దేశం వదిలిపెట్టాలి. మా అమ్మాయికి అక్కడ ఉద్యోగం చేసే అనుమతి లేదు. ఇంటి అద్దె, కారు వాయిదా, పిల్ల బడి, అన్నీ ఆ ఒక్క జీతం మీదే. ఫ్రిజ్ తలుపు మీది క్యాలెండర్లో అమ్మాయి రోజూ రాత్రి పడుకోబోయే ముందు ఒక గడి కొట్టేసేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. మా అల్లుడిగారు పొద్దున్నే స్నానం చేసి, ఆఫీసుకి వెళ్ళేవాడిలాగే ఇస్త్రీ చొక్కా వేసుకుని, మేడ మీద గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. మధ్యాహ్నం భోజనానికి దిగి, నాలుగు ముద్దలు తిని వెళ్ళిపోయేవాడు.

నాకు ఇంకో చిక్కొచ్చిపడింది. ఈ సంగతి ఆయన తన తల్లిదండ్రులకి చెప్పలేదు. "నాన్నగారికి కిందటేడే గుండె ఆపరేషన్ అయింది, ఉద్యోగం దొరికాక చెబుదాం, మీరూ చెప్పకండి అత్తయ్యగారూ" అన్నాడు. సరేనన్నాను. మా వియ్యపురాలు ప్రతి ఆదివారం అక్కడి టైము పొద్దున తొమ్మిదింటికి, అంటే మన సాయంత్రం ఆరున్నరకి, తప్పకుండా ఫోన్ చేస్తుంది. "వదినగారూ, మావాడు ఎలా ఉన్నాడు? సరిగ్గా తింటున్నాడా?" అంటే ఏం చెప్పను? "బాగానే ఉన్నాడండీ, పని ఎక్కువగా ఉంది" అన్నాను మొదటి ఆదివారం. అన్నాక పళ్ళెంలో అన్నం సహించలేదు. నాకూ పెళ్ళయిన కొడుకున్నాడు. వాడికి కష్టమొస్తే వాడి అత్తగారికి తెలిసి నాకు తెలియకపోతే నేనెంత బాధపడతానో ఆవిడా అంతే బాధపడుతుంది కదా!

ఈలోగా గరాజులో యాపిల్ పళ్ళు మెత్తబడటం మొదలెట్టాయి. వారం దాటేసరికి మగ్గిన వాసన. దిగుమతి చేసుకున్న దిగులు చాలదన్నట్టు, తొమ్మిది కిలోల పళ్ళు పారేసిన పాపం కూడానా అనిపించింది. పచ్చడి పెట్టాను, హల్వా చేశాను. ఇంకా బుట్టెడున్నాయి. సరే, పై చేద్దామని ఒక రోజు మధ్యాహ్నం మొదలుపెట్టాను.

నేను చేసిన తప్పులన్నీ వరసగా చెప్పేస్తాను, మీరు చెయ్యకుండా ఉంటారు. మొదటిది, మనం కజ్జికాయలకి, చేగోడీలకి కాచిన నెయ్యి వేడిగా పోసి కలుపుతాం చూడండి, అలాగే వెన్న కరిగించి పోసి, పూరీపిండిలా బాగా మర్దించాను. రెండోది, పిల్ల కోసిన ఎర్రటి పళ్ళన్నీ వేశాను. అవి మెకింటాష్ రకం, పచ్చిగా తినడానికి బాగుంటాయి, కాలిస్తే గుజ్జయిపోతాయి. మూడోది, ముక్కల్లో పంచదార కలిపి ఆ ఊరిన నీళ్ళతో సహా పళ్ళెంలో పోశాను. నాలుగోది అన్నిటికంటే ఘనమైనది. ఓవెన్ 200 మీద పెట్టాను. గంటయింది, తెల్లగానే ఉంది. గంటన్నర అయింది, కాస్త చెమట పట్టినట్టయింది అంతే. మా అల్లుడిగారు మంచినీళ్ళకి కిందకి దిగి, ఓవెన్ వైపు చూసి, "అత్తయ్యగారూ, ఇక్కడ అది ఫారెన్‌హీట్ అండీ" అన్నాడు. మన 200 కావాలంటే అక్కడ 400 పెట్టాలట! నేను పెట్టింది మన లెక్కలో 93 డిగ్రీలు, నీళ్ళు కూడా మరగవు. ఆయన నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. పదిరోజుల తర్వాత ఆ ఇంట్లో మగగొంతు నవ్వు వినడం అదే. అందుకని ఆ పై పాడయినందుకు నేనేం బాధపడలేదు.

ఐదో తప్పు, వేడి పెంచి ఎలాగో ఎర్రబరిచాక, దించీ దించగానే కోశాను. చెప్పాను కదా, గరిటెతో వడ్డించానని.

ఎదురింట్లో ఒక అమెరికన్ పెద్దావిడ ఉండేది, ఎనభై దాటాయి, ఒక్కతే ఉంటుంది. మర్నాడు ఆవిడకి ఓ డజను పళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. పై చేశాననీ, పోయిందనీ సైగలతో కలిపి చెబితే, ఆవిడ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. ఆ మధ్యాహ్నమూ, ఆ తర్వాత ఇంకో రెండు మధ్యాహ్నాలూ దగ్గర కూర్చోబెట్టి నేర్పింది.

మొదట ఆవిడ నా చేతుల్ని చన్నీళ్ళ కుళాయి కింద పెట్టించింది! పిండి కలిపే చేతులు చల్లగా ఉండాలట. వెన్న ఫ్రిజ్‌లోంచి తీసిన రాయిలా ఉండాలి. దాన్ని శనగబద్దలంత ముక్కలు చేసి మైదాలో వేసి, వేలికొసలతో గబగబా నలపాలి. పూర్తిగా కలవకూడదు, అక్కడక్కడ వెన్న పలుకులు కనిపిస్తూ ఉండాలి. ఓవెన్ వేడికి ఆ పలుకులు కరిగి, వాటిలోని నీరు ఆవిరై పిండిని పొరలుపొరలుగా విడదీస్తుంది. మనం వెన్న ముందే కరిగించి పోస్తే ఆ పలుకులే ఉండవు, పొరలెక్కణ్ణుంచి వస్తాయి? మన కజ్జికాయకి గుల్లదనం కావాలి, అందుకు వేడి నెయ్యి. దీనికి పొర కావాలి, అందుకు చల్లని వెన్న. ఇన్నేళ్ళు వంట చేసినా ఈ తేడా నాకు తట్టలేదు. మర్దించడమూ అంతే. నీళ్ళు ఎక్కువైనా, ఎక్కువ పిసికినా మైదా సాగుతుంది, కాల్చాక తోలులా ఉంటుంది. దగ్గరికి వచ్చిందనిపించగానే చెయ్యి తీసెయ్యాలి.

పైన జల్లే పొడి కలిపేటప్పుడు ఆవిడ గుప్పెడు పిండి తీసి పిడికిట్లో నొక్కి చూపించింది. ముద్దగా నిలవాలి, బొటనవేలితో తోస్తే విడిపోవాలి. నాకు నవ్వొచ్చింది. సున్నుండల పిండికి మా అమ్మ చూపించిన పరీక్షే అది!

ఆ రెండో మధ్యాహ్నమో మూడోదో, మా ఇంటి సంగతి ఆవిడకి చెప్పేశాను. చెప్పకూడదనుకున్నది వియ్యపురాలికి కదా, ఈవిడకి చెబితే తప్పేముందని. ఆవిడ కాసేపు యాపిల్ తొక్క తీస్తూ ఉండిపోయింది. తర్వాత చెప్పింది, వాళ్ళాయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడిన సంవత్సరం ఆయన నాలుగు నెలలు ఈవిడకి కూడా చెప్పకుండా రోజూ టిఫిన్ డబ్బాతో బయటికి వెళ్ళి, చెరువు దగ్గర కూర్చుని వచ్చేవాడట. పక్కింటివాళ్ళ ద్వారా తెలిసిందట. "ఉద్యోగం పోయినందుకు నాకు కోపం రాలేదు, నాలుగు నెలలు ఆ డబ్బాలో అన్నీ వండి పెట్టినందుకు వచ్చింది" అని ఆవిడ అన్నదని నాకు అర్థమైంది. భాష రాకపోయినా ఇలాంటివి అర్థమవుతాయి.

ఆ మాట మా అమ్మాయికి చెప్పాను. అల్లుడిగారికి చెప్పమని గానీ, చెప్పొద్దని గానీ అనలేదు.

అక్టోబరు 22, ఆదివారం. ఇరవయ్యో గడి. దుర్గాష్టమి కూడాను. పొద్దున్నే లేచి దీపం పెట్టుకుని, రెండో పైకి కూర్చున్నాను. తొమ్మిదింటికి ఫోన్ మోగింది. నేను పొడి కలుపుతున్నాను, చేతులు ఖాళీ లేవు. అమ్మాయి తీసి, "ఆయన స్నానంలో ఉన్నారత్తయ్యా, పండగ శుభాకాంక్షలు" అని రెండు మాటలతో పెట్టేసింది. పెట్టేసి నా వైపు చూడలేదు.

పదిన్నరకి పై దించాను. ఈసారి నిజంగా బంగారు రంగు. పొడి మధ్యలోంచి పాకం చిక్కగా బుడగలొస్తోంది. ఇల్లంతా దాల్చినచెక్క వాసన. ఆ వాసనకి మా అల్లుడిగారు మేడ దిగి వచ్చాడు, మనవరాలు కుర్చీ ఎక్కింది. "ఇప్పుడే కొయ్యకూడదు, నాలుగు గంటలు ఆగాలి" అన్నాను. ఎదురింటావిడ మరీ మరీ చెప్పింది. మొక్కజొన్నపిండి వేడికి చిక్కబడ్డా, చల్లారితేగానీ పాకం గట్టిగా నిలవదు. మొదటిసారి నాకు పులుసు కావడానికి సగం కారణం ఆ తొందరే.

ఇక ముగ్గురం, పిల్లతో నలుగురం, ఆ బల్ల చుట్టూ కూర్చున్నాం. ఆదివారం కాబట్టి కంపెనీలవాళ్ళ నుంచి ఫోన్లు రావు, మేడ మీద చెయ్యడానికేమీ లేదు. పిల్ల ఐదు నిమిషాలకోసారి పళ్ళెం అంచు ముట్టుకుని "ఇంకా వేడిగానే ఉంది" అంటోంది. మా అమ్మాయి ఎదురింటావిడ డబ్బా కథ మొదలుపెట్టింది. నేను లేచి గిన్నెలు కడుక్కోవడానికి వెళ్ళాను. నీళ్ళ చప్పుడులో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. కుళాయి కట్టేసేసరికి ఆయన గొంతు వినిపించింది. "అమ్మా, నాన్నగారిని కూడా పక్కన కూర్చోమను. కంగారుపడాల్సిందేమీ లేదు..."

అరగంట మాట్లాడాడు. మధ్యలో ఒకసారి గొంతు పట్టేసింది. వియ్యంకుడుగారికి ఏమీ కాలేదు. పైగా "ఈ మాత్రానికేనా ఇరవై రోజులు దాచావ్?" అని కోప్పడ్డారట. వియ్యపురాలు ఏడ్చింది. తర్వాత నన్ను ఫోన్ దగ్గరికి పిలవమంది. నాకు గుండెలు దడదడలాడాయి. "వదినగారూ, వాడు తింటున్నాడా?" అంది. అంతే అడిగింది. "ఇవాళ తింటాడండీ" అన్నాను.

రెండున్నరకి కోశాం. ముక్క ముక్కగా నిలబడింది.

ఉద్యోగం నవంబరు మధ్యలో దొరికింది, నార్త్ కరొలినాలో. కొత్త కంపెనీవాళ్ళు గడువులోపలే కాగితాలు దాఖలు చేశారు. ఇంకో అయిదారు రోజులే మిగిలున్నాయి అప్పటికి. ఇప్పుడు వాళ్ళు అక్కడే ఉన్నారు.

సరే, ఇక వంటలోకి వద్దాం. తొమ్మిది అంగుళాల పళ్ళేనికి కొలతలు ఇవి. కప్పు అంటే 240 మిల్లీలీటర్లది. అడుగు చపాతీకి: మైదా కప్పుంపావు, ఉప్పు లేని వెన్న 115 గ్రాములు, ఉప్పు అర టీస్పూను, పంచదార ఒక టీస్పూను, ఐసునీళ్ళు మూడు నాలుగు టేబుల్ స్పూన్లు. లోపలికి: యాపిల్ పళ్ళు కిలోంపావు, పంచదార ముప్పావు కప్పు, నిమ్మరసం రెండు టేబుల్ స్పూన్లు, మొక్కజొన్నపిండి (కార్న్‌ఫ్లోర్) రెండు టేబుల్ స్పూన్లు, దాల్చినచెక్క పొడి ముప్పావు టీస్పూను, జాజికాయ పొడి చిటికెడు, ఉప్పు చిటికెడు. పైన జల్లడానికి: మైదా ఒక కప్పు, బ్రౌన్ షుగర్ అర కప్పు, చల్లని వెన్న 85 గ్రాములు, ఉప్పు చిటికెడు. బ్రౌన్ షుగర్ దొరక్కపోతే మెత్తగా కొట్టిన బెల్లం వేసుకోండి, నాకైతే బెల్లమే నచ్చింది. అయితే తడి బెల్లం పనికిరాదు, పొడి ముద్దయిపోతుంది. గుడ్డు ఇందులో ఎక్కడా లేదు. అమెరికాలో బజారులో దొరికే తయారు చపాతీల్లో కొన్నింట్లో పంది కొవ్వు కలుస్తుంది, శాకాహారులు అక్కడ కొనేటప్పుడు అట్ట మీద చదివి కొనండి.

చపాతీపిండి పైన చెప్పినట్టు కలిపి, బిళ్ళలా నొక్కి, మూతపెట్టి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. ఈలోగా పళ్ళు చెక్కు తీసి, పావంగుళం మందాన తరిగి, నిమ్మరసం, పంచదార, ఉప్పు కలిపి అరగంట వదిలేయండి. ఇక్కడే అసలు కిటుకుంది. ఊరిన నీళ్ళు వంపేసి, ఆ నీళ్ళని చిన్న గిన్నెలో మరిగించి, తేనెలా చిక్కబడ్డాక దించి చల్లార్చి మళ్ళీ ముక్కల్లో పోయండి. రుచి పోదు, పులుసూ కాదు. అప్పుడు మొక్కజొన్నపిండి, దాల్చినచెక్క, జాజికాయ కలపండి. చపాతీని పళ్ళెం కంటే రెండంగుళాలు పెద్దదిగా వత్తి పరిచి, అంచులు లోపలికి మడిచి, ముక్కలు నింపండి. మధ్యలో గోపురంలా ఉన్నా ఫర్వాలేదు, కాలేసరికి కుంగుతుంది. పైన పొడి జల్లండి, నొక్కకండి. ముందే వేడి చేసిన ఓవెన్‌లో కింది అర మీద పెట్టి, 200 డిగ్రీల సెల్సియస్‌లో ఇరవై నిమిషాలు, తర్వాత 180కి తగ్గించి నలభై, నలభై అయిదు నిమిషాలు. కింది అర ఎందుకంటే అడుగు కూడా కాలాలి, లేకపోతే పైన మాడుతుంది, అడుగు పచ్చిగా ఉంటుంది. పొడి మరీ ఎర్రబడుతుంటే పైన అల్యూమినియం కాగితం కప్పండి. పాకం కారి ఓవెన్ పాడు కాకుండా పళ్ళెం కింద ఇంకో పళ్ళెం ఉంచడం మరవకండి. గడియారం కంటే కన్నే నయం. పొడి సందుల్లోంచి చిక్కని బుడగలు నెమ్మదిగా వస్తుంటే అయినట్టు. పల్చగా గబగబా పొంగుతుంటే ఇంకా కాలాలి.

ఇక మన పళ్ళ సంగతి. మన బజారులో ఎక్కువగా వచ్చేవి హిమాచల్, కాశ్మీర్ డెలిషస్ రకాలు. ఈ రకం హిమాచల్‌కి రావడానికి కారకుడు కూడా ఒక అమెరికనే. ఫిలడెల్ఫియా నుంచి 1904లో వచ్చిన శామ్యూల్ స్టోక్స్, 1916 ప్రాంతంలో సిమ్లా దగ్గర కోట్‌గఢ్‌లో ఈ మొక్కలు నాటించాడు. తర్వాత ఆయన హిందూమతం తీసుకుని సత్యానంద్ అయ్యాడు. డెలిషస్ తినడానికి తియ్యన, కానీ కాలిస్తే పిండిపిండిగా అవుతుంది, పులుపు ఉండదు. అందుకని సగం ఇవీ, సగం ఆకుపచ్చ గ్రానీస్మిత్‌లూ కలపండి. అవి ఖరీదెక్కువ అనుకుంటే డెలిషస్‌లోనే గట్టివి ఏరుకుని, ముక్క మందంగా తరిగి, నిమ్మరసం ఇంకో స్పూను పోయండి. బేరిపళ్ళతో కూడా చేశాను, బాగుంది, కానీ నీరు ఎక్కువ ఊరుతుంది, మరిగించే పని మరవొద్దు. జామపళ్ళయితే దోరవి తీసుకుని గింజలు తీసెయ్యాలి. చాకిరీ ఎక్కువ, నేనొకసారి చేసి మానేశాను.

మా విజయవాడలో అక్టోబరు మధ్యాహ్నం వెన్న బల్ల మీద పెడితే పది నిమిషాల్లో నూనె. తెల్లవారుఝామున, పొయ్యి వెలిగించకముందే పిండి కలుపుకోండి. మైదా, గిన్నె, అప్పడాల కర్ర కూడా ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది. వత్తేటప్పుడు జిగురు పట్టిందంటే మొండికెయ్యకుండా మళ్ళీ పావుగంట ఫ్రిజ్‌లోకి తోసెయ్యండి. మన చిన్న ఓవెన్‌లో పై పళ్ళెం పట్టకపోతే ఎనిమిది అంగుళాల కేకు గిన్నె చాలు, కొలతలు నాలుగో వంతు తగ్గించుకోండి. పైకి, కిందికి రెండు రాడ్లూ వెయ్యాలి. మిగిలింది ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. తినేముందు ఓవెన్‌లో పది నిమిషాలు పెడితే పొడి మళ్ళీ కరకరలాడుతుంది, మైక్రోవేవ్‌లో పెట్టారంటే మెత్తబడిపోతుంది.

మొన్న దసరాకి మా వియ్యపురాలు, వియ్యంకుడుగారు మా ఇంటికొచ్చారు. "ఆ రోజు చేసిన ఆ యాపిల్ దేదో చెయ్యండి వదినగారూ" అంది. చేశాను. దించాక నాలుగు గంటలు ఆగాలంటే, ఆవిడ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపయ్యాక, "మొదటి ఆదివారం ఫోన్లో మీరు పని ఎక్కువగా ఉందన్నారు" అంది. "అన్నాను" అన్నాను. "మీ గొంతు బాగోలేదని అప్పుడే అనుకున్నాను" అంది. ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

కోసి పెడితే ముక్కన్నర తింది. బాగుంది కానీ దాల్చినచెక్క ఘాటెక్కువైందంది. అంతకుముందు నేను ఒక టీస్పూను నిండా వేసేదాన్ని. పైన కొలతల్లో ముప్పావు అని రాసింది అందుకే.